వానకి మంగళవారం సెలవిచ్చిన దాలయ్య మావ

వానకి వారానికో రోజు సెలవు మంజూరు చేసిన మనిషి ఈ భూప్రపంచం మీద ఒక్కడే ఉన్నాడు. మా దాలయ్య మావ. ముప్పై ఒక్క సంవత్సరాల పాటు, ప్రతి మంగళవారం, మా ఊరి మీద ఒక్క చినుకు రాలకుండా చూశాడు. బుధవారం మళ్లీ డ్యూటీ ఎక్కిన వాన, నిన్నటి పని కూడా కలిపి చేసి వెళ్లేది. నేను చెప్పేవాటిలో రూపాయికి పావలా నమ్మినా ఎక్కువేనని మా ఊళ్లో అంటారు. అననివ్వండి. ఇది నేను పుట్టించిన మాట కాదు. ఇరవై రెండు పేజీల ఇంగ్లీషు వ్యాసంలో మూడు గ్రాఫులతో సహా అచ్చయిన మాట. పైగా ఆ వ్యాసం రాసిన ఇద్దరిలో రెండో పేరు మా మావదే.

పూర్తి పేరు ముద్దాడ దాలయ్య. వయసు అరవై ఎనిమిది. చదువు ఐదో తరగతి. కోటబొమ్మాళిలో రైలు దిగి ఆటోవాడితో ‘దాలయ్య గారిల్లు’ అంటే ‘ఏ దాలయ్య?’ అంటాడు, మా వైపు వీధికి ఇద్దరు దాలయ్యలు ఉంటారు మరి. ‘వాన దాలయ్య’ అన్నారంటే నేరుగా ఆయన పెరట్లో దింపుతాడు. ఎకరంన్నర వరి, రెండు ఆవులు, కాస్త గోగునార, ఇదీ మావ ఆస్తి. ఆ నారతో తాళ్లు పేని మంగళవారం సంతలో అమ్ముతాడు. ఆయన పేనిన పలుపు తెంపుకున్న ఎద్దు ఇంకా పుట్టలేదు. ఒక ఆంబోతు ప్రయత్నించింది. తాడు తెగలేదు గానీ గుంజ ఊడింది, గుంజతో పశువుల శాల ఊడింది, శాలతో పాటు పక్కింటి వంటిల్లు... సరే, ఆ దారిలో వెళితే వాన దగ్గరికి రాలేం.

శ్రీకాకుళంలో ‘నాగావళి వంశధార విజ్ఞాన పరిషత్తు’ అని ఒక సంఘం ఉంది. బట్టల షాపు మేడ మీద ఒక గది, రెండు అద్దాల బీరువాలు. ఆదివారం పదింటి నుంచి పన్నెండు దాకా తెరుస్తారు. మన తీరంలో పీతల గురించి, మన జీడితోటల్లో పురుగుల గురించి ఎవరో ఎక్కడో కూర్చుని రాయడమేమిటి, మనమే రాసుకుందాం అని కొందరు కాలేజీ మాస్టార్లు కలిసి పెట్టుకున్నది. ఏడాదికి రెండుసార్లు జర్నల్ వేస్తారు. ఆ పరిషత్తు పెద్ద భీమశంకరరావు మాస్టారు, ఫిజిక్సు పాఠం చెప్పేవారు, తొంభై మూడులో ఒక వానమాపకం పట్టుకుని మా ఊరొచ్చారు. రేకు గరాటు, దాని కింద సీసా, కొలవడానికి గీతలున్న గాజుపాత్ర. చెట్టు నీడ పడని పెరడు కావాలన్నారు. మేకలు దూరని పెరడు కావాలన్నారు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి కొలిచే మనిషి కావాలన్నారు. ఊరంతా తలలు దించుకుంటే మావ చెయ్యెత్తాడు. ఎందుకెత్తావు మావా అని తర్వాత అడిగాను. “గాజుపాత్ర బాగున్నాదిరా” అన్నాడు.

మొదటి ఏడాదే కూర్మమ్మత్త, అంటే మావ భార్య, ఆ పాత్రని చింతపండు పెట్టి తోమబోయి పగలగొట్టింది. మాస్టారు ఇంకోటి పంపించారు. ఆ రోజు నుంచి మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం కుదిరింది. “నీ సీసా జోలికి నాను రాను. నా కుండల జోలికి నువ్వు రాకు” అంది అత్త. ఈనాటికీ ఆ ఒప్పందం అమల్లో ఉంది.

తిత్లీ తుఫాను రోజు సంగతి చెప్పాలి. ఊరు ఊరంతా కప్పు ఎగిరిపోయింది. మావ పెరట్లోకి పరిగెత్తి వానమాపకాన్ని కౌగిలించుకున్నాడు. గాలి ఇద్దరినీ కలిపి లేపింది. పలాస మీదుగా సముద్రం దాకా తీసుకెళ్లి, అక్కడ ఒక చుట్టు తిప్పి, మళ్లీ తెచ్చి పెరట్లో దించింది. టైము సరిగ్గా ఎనిమిదిన్నర. మావ కొలిచి రాసుకున్నాడు. అత్తని అడిగితే మాత్రం, ఆ రాత్రంతా ఆయన మంచం కింద ఉన్నాడనీ, తెల్లారాక గొడుగు పట్టుకుని వెళ్లి కొలిచాడనీ అంటుంది. ఎవరి మాట నమ్ముతారో మీ ఇష్టం.

కొలిచినవన్నీ నెలాఖరుకి ఒక పోస్టుకార్డు మీదికి ఎక్కేవి. కార్డు మీద గళ్లు గీసి, గడికో అంకె, చీమ కన్ను చిట్లించుకుని చదవాల్సినంత చిన్నగా రాసి, శ్రీకాకుళం పరిషత్తుకి పోస్టు చేసేవాడు. జవాబు వచ్చేది కాదు. రావాలని ఆయనా అనుకోలేదు.

మొన్న అక్టోబరులో ఒక శనివారం జవాబు వచ్చింది. అదీ ఫోన్లో. మావ కొడుకు కూతురు సింధు శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ చదువుతోంది. హాస్టలు నుంచి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరిచింది.

“తాతా, నీ పేరు నెట్‌లో ఉన్నాది!”

మావ అరుగు మీద తాడు పేనుతున్నాడు. “ఏటి, ఓటర్ల లిస్టులోనా?”

“కాదు. జర్నల్లో. నువ్వు పేపరు రాసినావు.”

వంటింట్లోంచి అత్త గొంతు. “కార్డు ముక్క తప్ప ఈయన రాసిందేటి?”

నేను అప్పుడు అక్కడే ఉన్నాను. సింధు ఫోను తిప్పి చూపించింది. పైన పేర్లు రెండు. ప్రమోద్ అని విజయనగరంలో ఎవరో లెక్చరరు, ఆ పక్కన ముద్దాడ దాలయ్య. దాని కింద పది లైన్ల సారాంశం. సారాంశం కింద తాళంకప్ప బొమ్మ.

“సదువు తల్లీ” అన్నాడు మావ. మీసం ఒక పక్క అప్పటికే లేచింది.

సింధు ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పింది. ముప్పై ఒక్క సంవత్సరాల కొలతల ప్రకారం ఈ గ్రామంలో మంగళవారం నాడు వాన దాదాపు పడదు. బుధవారం మామూలుకి రెట్టింపు పడుతుంది. కారణం వ్యాసంలో వివరించాం. దీన్ని బట్టి ధాన్యం కళ్లంలో ఆరబోసుకోవడానికి మంగళవారం నిశ్చింతైన రోజని పరిషత్తు రైతుల కేలండరులో వేయబోతోంది.

మావ చేతిలో తాడు ఆగిపోయింది. పేనిన మెలికలు వాటంతటవే విడిపోతున్నా చూసుకోలేదు.

“మంగళారం వాన పడదని ఎవుడు సెప్పినాడే?”

“నువ్వే తాతా. ఇదిగో నీ పేరు.”

“నానా? కారణం ఏటని సెప్పినాను?”

“అది లోపల ఉన్నాది. తాళం ఏసినారు. ముప్పై తొమ్మిది డాలర్లు కడితే రెండ్రోజులు సదవనిస్తారంట.”

“నాను రాసింది నాను సదవడానికా?”

“అంతే తాతా.”

“డాలరంటే గొలుసుకి ఏలాడేది” అంది అత్త గుమ్మంలోకి వచ్చి. “ముప్పై తొమ్మిదేటే, నా పెళ్లికి ఒక్కటి పెట్టలేదు ఈయన.”

ఇంకో రోజైతే మావ దీనికి గట్టి జవాబే ఇచ్చేవాడు. ఆ రోజు ఇవ్వలేదు. నా వైపు తిరిగాడు.

“ఒరే గిరీ. నా పేరు సూసి ఎవుడో మంగళారం కళ్లంలో ధాన్యం ఆరేస్తాడు. ఆ ధాన్యం తడిసి మొలకలొస్తే ఏటి సేస్తాడురా?”

“నిన్ను తిడతాడు మావా.”

“తిడితే తిట్టనీ. ధాన్యం పోద్ది కదరా. ఆ కేలండరు ఆపాల.”

మర్నాడు ఆదివారం. మావని బండి మీద ఎక్కించుకుని శ్రీకాకుళం బయల్దేరాను. నా బండి ఎనభై దాటితే నేల మీద ఆనదు. ఆ రోజు మాత్రం వెనక కూర్చున్నాయన భుజం పట్టుకుని “మెల్లగ, మెల్లగ” అంటుంటే సైకిళ్లు కూడా మమ్మల్ని దాటి వెళ్లాయి.

పరిషత్తు గదిలో కన్యాకుమారి గారని ఒకావిడ ఉన్నారు. గుమస్తా ఆవిడే, లైబ్రేరియను ఆవిడే, తాళం చెవులూ ఆవిడవే.

“ఎవరు కావాలండీ?”

“నాను దాలయ్యనమ్మా. వాన దాలయ్యని.”

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “మీ చేతిరాత ఇన్నేళ్లుగా చూస్తున్నాను గానీ మిమ్మల్ని చూడ్డం ఇదే. అంత చిన్న అక్షరాలు రాసే మనిషి చాలా చిన్నగా ఉంటారనుకున్నానండీ.”

మావది ఆరడుగుల మనిషి. పొంగిపోవాల్సిన మాటే. కానీ ఆయన నేరుగా జర్నల్ అడిగాడు.

“మా దగ్గర లేదండీ.”

“మీ జర్నలే కదమ్మా?”

“మాదే. ఆరేళ్ల కిందట అచ్చు ఆపేశాం. పేరొస్తుంది, దేశదేశాల వాళ్లు చదువుతారని ఒక కంపెనీ సైటుకి ఇచ్చాం. పేరు వచ్చింది. జర్నల్ పోయింది.” ఆవిడ గొంతు తగ్గించారు. “పరిషత్తుకి ఒక దారి ఇచ్చారండీ, ఊరికే చూసుకోడానికి. కానీ తెరిచినప్పుడల్లా పాత కార్యదర్శి గారి ఫోనుకి ఒక నంబరు వెళ్తుంది. ఆయన వంతెన మీద నిలబడి సెల్ఫీ తీసుకుంటుంటే ఆ ఫోను నాగావళిలో పడిపోయింది.”

“అయితే ఈ జర్నల్ ఊరికే చదువుతున్నది నాగావళి చేపలు” అన్నాను. మావ మోచేత్తో పొడిచాడు.

బీరువాలో పాత సంపుటాలు అట్టలు కట్టించి ఉన్నాయి. అవి సభ్యులకే. సభ్యుడు కావాలంటే డిగ్రీ ఉండాలి. నా వైపు చూడకండి. డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీకి నేనూ, నాకు కాలేజీ సరిపడక మర్యాదగా విడిపోయాం.

“పోనీ, నా కార్డులున్నాయేటమ్మా?”

“వాటికి ఏ నియమమూ లేదండీ” అని ఆవిడ రెండు బిస్కెట్ల డబ్బాలు దించారు. మూడు వందల డెబ్బై రెండు కార్డులు, ఒక్కటీ పోలేదు. మావ పై కార్డు తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. వేలితో ఒక గడి చూపించాడు. అందులో అంకె లేదు. చిన్న అడ్డగీత ఉంది.

“ఇదేటమ్మా?”

“గీతండీ.”

“గీతంటే కొలవలేదని. మంగళారం సంత. నాను తెల్లారగట్ల ఐదింటికి తాళ్లు ఎత్తుకుని ఎల్లిపోతాను. ఆ రోజు నీళ్లు సీసాలోనే ఉంతాయి. బుధారం రెండ్రోజులదీ కలిపి కొలుస్తాను. మరి మీరేటి రాసినారు?”

కన్యాకుమారి గారి చెయ్యి నోటి మీదికి వెళ్లింది. కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది ఆవిడే. “గీత పెడితే ఆ గడి ఒప్పుకోదండీ. ఎర్రగా అయిపోయి కూర్చుంటుంది, కిందికి వెళ్లనివ్వదు. సున్నా పెడితే వెళ్లనిస్తుంది. నేను... వాన లేక గీత పెట్టారనుకున్నాను. పదహారు వందల సున్నాలు నా చేత్తో కొట్టానండీ.”

వాన సెలవు కాగితం మీద సంతకం పెట్టింది ఎవరో అప్పుడు తెలిసింది నాకు. పాపం ఆవిడ మొహం చూశాక ఆ మాట పైకి అనలేదు. నా జీవితంలో నోటిదాకా వచ్చి ఆగిన మాటలు రెండే రెండు, ఇది రెండోది.

అంతలో మెట్ల మీద చేతికర్ర చప్పుడు. భీమశంకరరావు మాస్టారు. ఎనభై నాలుగేళ్లు. మావని చూడగానే గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. సంగతంతా విన్నారు.

“మంగళవారం ఇంట్లో ఉండనని నాకెప్పుడూ చెప్పలేదేమయ్యా?”

“మీరు అడగలేదు బాబూ. మంగళారం సంతని తెలీనోడు ఉంతాడని నానెలగనుకుంతాను?”

మాస్టారు నవ్వబోయి ఆపుకున్నారు. “కేలండరు రేపు కాక ఆ పై సోమవారం అచ్చుకి వెళ్తుంది. ఆపాలంటే వ్యాసం మీద అభ్యంతరం రావాలి. అభ్యంతరంలో పేజీ నంబరు, పంక్తి నంబరు ఉండాలి. ఆ నియమం నేనే పెట్టాను. అప్పట్లో ఒకాయన చదవకుండానే అన్ని వ్యాసాలకీ అభ్యంతరం చెప్పేవాడు.”

“పేజీ నంబరు కావాలంటే సదవాల. సదవాలంటే తాళం.”

“అవును.”

“తాళం మీ దగ్గర లేదు.”

“లేదు.”

కింద బట్టల షాపులో ఎవరో చీరలు బేరమాడుతున్నారు. ఉన్నట్టుండి కన్యాకుమారి గారు బీరువా తెరిచి, నీలం అట్ట నియమావళి తీశారు. “మాస్టారూ, అభ్యంతరం బయటివాళ్లకి కదండీ. ఈయన బయటివాడు కాదు. రచయిత.”

మాస్టారు కళ్లజోడు సర్దుకుని పద్నాలుగో నియమం పైకి చదివారు. రచయిత తన వ్యాసంలో తప్పును తన మాటల్లో సవరించుకోవచ్చు. దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా అచ్చు వేయాలి. తోటి రచయిత సమ్మతి ఉండాలి. పేజీ నంబరు మాట అందులో లేదు.

“ముప్పై ఎనిమిదేళ్లయింది ఈ నియమం పెట్టి” అన్నారు మాస్టారు. “నాది తప్పు అని ఒక్కడూ రాలేదు. ఇది ఉందనే మరిచిపోయాను.”

మిగిలింది తోటి రచయిత సమ్మతి. గురువారం మావా నేనూ కోటబొమ్మాళిలో రైలెక్కి విజయనగరం వెళ్లాం. దారి పొడుగునా మావ ఒకటే మాట. “కారణం ఏటని రాసుంతాడురా? వాన పడకపోడానికి కారణం ఏటుంతాది?”

ప్రమోద్‌కి ముప్పై ఏళ్లుంటాయి. స్టాఫ్ రూములో మావని చూసి గబగబా లేచి కుర్చీ వేశాడు. మేం పోట్లాటకి సిద్ధమై వెళ్లాం గానీ మనిషి మంచివాడు, అదే చిక్కు.

“నా పేరెందుకు ఏసినావు బాబూ?”

“కొలతలు మీవి కదండీ. మీ పేరు లేకుండా వేస్తే దొంగతనం చేసినట్టే.”

“ఏసినోడివి ఒక కార్డు ముక్క రాయాల్సింది.”

వ్యాసం ఒక్కసారి చూడాలన్నది మావ కోరిక. ఆ అబ్బాయి కంప్యూటర్లో ఏదో నొక్కాడు. ఇరవై రెండు పేజీలూ బయటికొచ్చి మావ చేతిలో పడ్డాయి. రాసినవాడి దగ్గర ఒక కాపీ ఉంటుందట, ఎవరడిగినా ఇవ్వొచ్చట. అడగాలంతే. డాలర్లు, చేపలు, నియమావళి, ఇంత తిరుగుడూ తిరిగింది ఆ ‘అడగాలంతే’ తెలియక.

మావకి ఇంగ్లీషు రాదు కనక ప్రమోదే చదివి తెలుగులో చెప్పాడు. తాళం వెనక ఉన్న కారణం అప్పుడు విన్నాం. మంగళవారం సంత రోజు. ఆ సంగతి ఈ అబ్బాయి శ్రద్ధగా కనుక్కున్నాడు! తెల్లవారుజాము నుంచి రెండు వేల పశువుల గిట్టల దుమ్ము, బజ్జీల పొయ్యిల పొగ, ఆటోల పొగ పైకి లేస్తాయి. మబ్బులో నీరు ఆ దుమ్ముని పట్టుకుని మరీ సన్నటి బిందువులుగా చీలిపోతుంది. సన్నటి బిందువు కిందికి పడదు. ఆగుతుంది. సంత ఎత్తేశాక, బుధవారం నాటికి, రెండు రోజుల వానా కలిసి పడుతుంది.

చేతులెత్తి దండం పెట్టాలనిపించింది నాకు. మావని గాలిలో సముద్రం దాకా తిప్పి తెచ్చిన మొనగాణ్ని నేను. బజ్జీల పొగతో మబ్బుని భయపెట్టాలన్న ఊహ నాకు ఏడు జన్మలకీ రాదు.

“రుజువు కూడా ఉందండీ” అన్నాడు ప్రమోద్ ఉత్సాహంగా. “కరోనా ఏడాది సంత మూసేశారు. ఆ నెలల్లో చూడండి, మంగళవారం వాన పడింది. మామూలుగా పడింది. సంత లేదు, దుమ్ము లేదు, వాన వచ్చింది.”

మావ ఆ గ్రాఫు మీద వేలు పెట్టాడు.

“సంత లేదు గనక నాను ఇంటికాడ ఉన్నాను బాబూ.”

ప్రమోద్‌కి వెంటనే అర్థం కాలేదు. మావ గీత సంగతి చెప్పాడు. సున్నా సంగతి చెప్పాడు. కన్యాకుమారి గారి మీద నింద రాకుండా, “ఆ గడి ఒప్పుకోదంట, ఆయమ్మ ఏటి సేస్తాది” అని కూడా చెప్పాడు. తర్వాత కాగితాలు బల్ల మీద సర్ది పెట్టాడు.

“ఇన్ని కాయితాల్లో గేదెలున్నాయి. బజ్జీలున్నాయి. ఆటోలున్నాయి. సంతలో ఉన్నవన్నీ రాసినావు. నాను కూడా ఆ సంతలోనే ఉన్నాను బాబూ, తాళ్లు అమ్ముకుంతూ. నన్నొక్కణ్నే రాయలేదు.”

ప్రమోద్ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని మంగళవారం, బుధవారం కలిపి రెండుగా పంచాడు. తెర మీద ఎత్తుపల్లాలున్న గీత చదునుగా పడుకుంది.

“మామూలు వానండీ” అన్నాడు నీరసంగా.

“మామూలు వానే బాబూ.”

పాపం, అది ఆ అబ్బాయి మొదటి వ్యాసం. “మీ పేరు తీసేస్తానండీ. తప్పు మొత్తం నాదేనని రాస్తాను” అన్నాడు.

“ఏసినప్పుడు నన్ను అడగలేదు. తీసినప్పుడైనా అడుగు.”

“తీసెయ్యనా అండీ?”

“వొద్దు. ఉండనీ. కొలత నాది, గీత నాది. ఇది గీత, దీనర్థం ఇదని ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క కార్డు మీదైనా రాసినానా? లేదు. నీది దుమ్ము, ఆయమ్మది సున్నా, నాది గీత. అందరం కలిసి ఏసినాం.”

సవరణ రాయడానికి ప్రమోద్ కూర్చున్నాడు. మొదటి వాక్యమే అరపేజీ. ‘పరిశీలకుని అందుబాటుకు సంబంధించిన కొన్ని పరిమితుల దృష్ట్యా’ అని మొదలై, ‘పునఃపరిశీలన అవసరం కావచ్చునని భావించబడుతున్నది’ దగ్గర ఊపిరి తీసుకుంది. మావ ఓపిగ్గా విన్నాడు. “ఇందులో సంత ఎక్కడ ఉన్నాది బాబూ?” అని అడిగాడు. లేదు. మావ చొక్కా జేబులోంచి ఒక పోస్టుకార్డు తీశాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

నేను ఊరుకోలేక, “మావా, కొంచెం గట్టిగా ఉండాల. తుఫానులో గాలి ఎత్తుకుపోయిన సంగతి కూడా ఒక ముక్క కలుపు, ప్రపంచమంతా చదువుతాది” అన్నాను.

“నువ్వు మాటాడకురా” అన్నాడు.

కార్డు మీద రాశాడు. ప్రమోద్ కింద సంతకం పెట్టాడు. దాన్ని ఫోటో తీసి కన్యాకుమారి గారికి అప్పటికప్పుడు పంపించారు. అయినా మావ నమ్మక, విజయనగరం స్టేషను దగ్గర డబ్బాలో కార్డు కూడా వేశాకే రైలెక్కాడు. సోమవారం అచ్చుకి వెళ్లిన కేలండరులో మంగళవారం గడి ఖాళీగా వెళ్లింది. డిసెంబరులో మాస్టారు మా ఊరికి యాభై కాపీలు పంపించారు. మావ ప్రతి కాపీలోనూ మంగళవారాలు తిరగేసి చూసి గానీ ఎవరికీ ఇవ్వలేదు. ఆ నెల ఒక మంగళవారం వాన పడింది కూడా. మా ఊళ్లో కళ్లంలో ఉన్న ధాన్యం మీద టార్పాలిన్ బరకాలు కప్పే ఉన్నాయి.

సంతలో మాత్రం ఇప్పుడు మావకి తిప్పలే. “ఏటి దాలయ్యా, ఇయాల వానకి సెలవు రద్దు సేసినావంట?” అని తాడు బేరం మధ్యలో అడుగుతారు. ఇంట్లో అత్త వదలదు. “తప్పు సేసి పేపర్లో ఏయించుకున్న మొగోణ్ని ఈయన్నే సూసినాను” అంటుంది. అన్నాక సింధుని పిలిచి, అదేదో మళ్లీ చదివి వినిపించమంటుంది. ఇప్పటికి తొమ్మిదిసార్లు విన్నది. ఈ లెక్కలో నేను ఒక్కటి కూడా కలపలేదు.

చదవడానికి డబ్బులేమీ అక్కర్లేదు. ఆ కంపెనీ సైటులో వ్యాసాలకే తాళం, సవరణలకి వేయరట. వ్యాసం ఇప్పటికీ లోపలే ఉంది, ముప్పై తొమ్మిది డాలర్ల వెనక. మావ నాలుగు ముక్కలు మాత్రం బయట ఉన్నాయి. ఆ సంచిక మొత్తానికి మీరూ నేనూ ఊరికే చదవగలిగిన పేజీ అదొక్కటే. పద్నాలుగో నియమం ప్రకారం ఒక్క అక్షరం మార్చకుండా ఇలా వేశారు:

“మంగళవారం వాన పడదని మేము రాసినది తప్పు. మంగళవారం సంత. నేను ఇంట్లో లేను. ఆ రోజు వాన బుధవారం కొలిచాను. గీత అంటే కొలవలేదు అని, వాన లేదు అని కాదు. ధాన్యం ఏ రోజైనా మబ్బు చూసి ఆరబెట్టుకోవలెను. ఇట్లు, ముద్దాడ దాలయ్య.”